సురవరం ప్రతాపరెడ్డి

సురవరం ప్రతాపరెడ్డి (మే 28, 1896 - ఆగష్టు 25, 1953) న్యాయశాస్త్ర పట్టభద్రుడు, పత్రికా సంపాదకుడు, పరిశోధకుడు. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించాడు. స్వగ్రామం ఇటిక్యాలపాడు.

విద్య, వృత్తి
మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. చదివి, అనంతరం బి.ఎల్. పూర్తిచేశాడు. ఆ కాలంలో బి.ఏ. పట్టా పొందిన పిదపనే న్యాయశాస్త్రంలో చేరే వీలుండేది. కొంతకాలం న్యాయవాదిగా పనిచేశాడు. నిజాం రాజ్యంలో పాలనకు, న్యాయస్థానాలకు ఉర్దూయే భాష. ప్రజలలో అధికుల మాతృభాషయైన తెలుగుకు అక్కడ స్థానం లేదు. ఈ స్థితిలో ఆయన న్యాయవాద వృత్తిని విడిచి, తెలుగు భాషా సేవకే అంకితమయ్యాడు.

కృషి
1926లో హైదరాబాదు నుండి గోలకొండ పత్రికను ప్రారంభించాడు. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించాడు. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. రాజుల చరిత్రకు బదులు సామాన్యుల ఆహారం, వేషం, ఆటలు, ఆచారాలను వివరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన ప్రసిద్ధ గ్రంథం.

చివరి దశ
1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, మరుసటి సంవత్సరమే మరణించాడు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఈ పురస్కారం పొందిన తొలి గ్రంథం ఇదే.