యంత్రములకు క్రమశిక్షణ నేర్పిన డైక్‌స్ట్రా

ఇప్పుడు చేతిలో నిముడు ఫోను ఒకే సమయమున పాట వినిపించును, సందేశము నందుకొనును, దారి చూపును. ఇన్ని ప్రోగ్రాములు ఒకే మెమరీని పంచుకొనుచు, ఒకదాని వ్రాతను మరియొకటి చెరుపకుండ మెలగుట దానంతట జరుగునది కాదు. అట్టి పంపకమునకు నియమములు కల్పించిన వారిలో అగ్రగణ్యుడు డచ్చి దేశీయుడగు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా.

ఆయన 1930వ సంవత్సరము మే నెల 11వ తేదీన హాలెండులోని రాటర్‌డామ్ నగరమున జన్మించెను. తండ్రి రసాయన శాస్త్రోపాధ్యాయుడు. తల్లి గణితము చదివిన విదుషీమణి. లైడెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించుచు, 1951లో కేంబ్రిడ్జికి పోయి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు విద్య నేర్చెను. మరుసటి యేడు ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రమున ఉద్యోగమున ప్రవేశించెను. ఆ దినములలో ప్రోగ్రాములు వ్రాయుట యొక వృత్తియని లోకమెరుగదు. 1957లో వివాహ పత్రమున తన వృత్తి అదియేయని చెప్పగా అధికారులు అంగీకరింపలేదు; భౌతికశాస్త్రజ్ఞుడని వ్రాయవలసి వచ్చెను. నగరముల నడుమ అతి చేరువ దారిని కనుగొను పద్ధతిని ఆయన 1956లో ఊహించి, 1959లో ప్రకటించెను.

అంతలో ఆయనకొక గడ్డు సమస్య యెదురయ్యెను. ఎక్స్-1 అను క్రొత్త యంత్రము, తాను చేయుచున్న పనిని నడుమ నాపి, వేరొక పరికరము పిలుపునకు బదులు పలికి, మరల తొలిపనికి రాగలిగి యుండెను. ఆ పిలుపు ఏ క్షణమున వచ్చునో తెలియదు. దానివలన పుట్టు తప్పు నేడు కనబడి రేపు మాయమగును. ఎన్ని పరీక్షలు చేసినను చిక్కదు. ఈ విషయముపైననే ఆయన 1959లో డాక్టరేటు పట్టము పొందెను.

ఆ తప్పు స్వరూపమును ఒక ధాన్యపు కొట్టు చిట్టాలో చూడవచ్చును. పుటలో 10 బస్తాలని యున్నది. ఇరువురు గుమాస్తాలు ఒకేసారి ఆ అంకెను చదివిరి. చెరొక బస్తా తెచ్చినందున, ఇరువురును దానికి ఒకటి కలిపి 11 అని వ్రాసిరి. కొట్టులో 12 బస్తాలున్నవి; చిట్టాలో 11 మాత్రమే. ఇరువురును నిజాయితీపరులే, ఇరువురి కూడికయు సరియైనదే. అయినను పద్దు తప్పినది. కంప్యూటరు మెమరీలోని భాగములకును పుటలనియే పేరు. అచ్చట ఈ ప్రమాదము క్షణమునకు వేలమారులు పొంచియుండును.

ఇద్దరి నడుమ వచ్చు ఈ చిక్కును మొదట విడదీసినవాడు డెక్కర్ అను డచ్చి గణితవేత్త. ఎందరున్నను చెల్లునట్టి పరిష్కారమును డైక్‌స్ట్రా 1965లో ప్రకటించెను. అంతకంటె సులభమైన సాధనమును గూడ ఆయన కల్పించి, దానికి సెమఫోర్ అని పేరిడెను. పూర్వము రైలుస్టేషను వెలుపల చేయి వాల్చి బండిని రానిచ్చుచుండిన సిగ్నలు స్తంభము పేరే అది. పుటను ముట్టదలచిన ప్రోగ్రాము మొదట సెమఫోరును అడుగవలెను. పుట ఖాళీయైనచో దారి దొరకును, లేనిచో వేచియుండవలెను. లోపలనున్నది పని ముగించి విడిచినంతనే వేచియున్న వానిలో నొకటి మేల్కొనును. అడుగుట, విడుచుట అను రెండు క్రియలును నడుమ ఖండింపరానివిగా నుండుటయే దీని ప్రాణము.

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడైన పిమ్మట, ఈ సూత్రములతో ఆయన ఒక ఆపరేటింగు సిస్టమును నిర్మింపజేసెను. పనిచేసినవారు ఆరుగురికి మించరు; వారును సగము కాలమే దానికి వెచ్చించిరి. యంత్రపు ముఖ్య మెమరీలో 32 వేల పదములకే చోటుండెను. తక్కినవి తిరుగుచుండు డ్రమ్ముపై నిలువయుండెను. ఈ రెంటి నడుమ పుటలను మార్చు భారమంతయు ఒకే అంతస్తునకు అప్పగింపబడెను. దానిపై అంతస్తులలోని ప్రోగ్రాములకు తమ సమాచారము ఏ పుటలో నున్నదో తెలియనక్కరలేదు. ఒక్కొక్క అంతస్తు సరియని తర్కముతో నిరూపించి, పరీక్షించి, పిదపనే పై అంతస్తు కట్టిరి. పరీక్షలో బయటపడినవి స్వల్పమైన వ్రాతతప్పులే. 1968లో ఈ నిర్మాణ వృత్తాంతము ప్రచురింపబడి లోకప్రసిద్ధి గాంచెను.

1972లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించెను. 1984 నుండి 1999 వరకు అమెరికాలోని ఆస్టిన్ నగరమున ఆచార్యత్వము నెరపెను. కంప్యూటరు శాస్త్రమున ఇంతటివాడయ్యును, తన వ్యాసములను సిరాకలముతో స్వహస్తమున వ్రాసి, సంఖ్యలు వేసి మిత్రులకు పంపుచుండెను. అట్టివి 1,300కు మించినవి. 2002 ఆగస్టు 6వ తేదీన స్వదేశమున నూనెన్ గ్రామమున పరమపదించెను.

నేటి ఆపరేటింగు సిస్టమునకు గుండెవంటి భాగమును కెర్నెలు అందురు. లినక్స్ కెర్నెలులో ఒక్కొక్క పుటను ఎందరు వాడుచున్నారో లెక్క యుండును. ఆ లెక్క సున్న కానిదే పుట మరియొకరికి చెందదు. ఉమ్మడి పట్టికలను మార్చునపుడు తాళము పట్టవలసినదే. తప్పు కనబడనంత మాత్రమున తప్పు లేదని నమ్మరాదనియు, ఉమ్మడి సొత్తును ముట్టుటకు ముందు వంతు కొరకు నిలువవలెననియు డైక్‌స్ట్రా జీవితము బోధించుచున్నది. లెక్క చేయు విద్యార్థి జవాబు కుదిరినంతనే తృప్తిపడక, అది యేల కుదిరినదో యోచించినచో ఆయన మార్గమున నడిచినవాడగును.