శాసనాల పఠనానికి సంఘబలం కూర్చిన ముక్తేశ్వరం పంతులు

అమలాపురం: గౌతమీ తీరాన కోటిపల్లికి ఎదురుగా ఉన్న ముక్తేశ్వరానికి క్షణముక్తేశ్వరుని దర్శనార్థం వచ్చేవారు అనేకులు. తెలుగు శాసన పరిశోధనకు సంఘబలం సమకూర్చిన జయంతి రామయ్య పంతులు జన్మించినది ఈ గ్రామంలోనే అని ఎరిగినవారు మాత్రం స్వల్పం.

1860లో జన్మించిన రామయ్య పంతులు ఆంగ్ల ప్రభుత్వ కొలువులో డిప్యూటీ కలెక్టరు పదవి నిర్వహించారు. ఆ కాలంలో శాసన పరిశోధన చాలావరకు ప్రభుత్వ శాఖ పని. మన కొత్తపేట ప్రాంతంలోని వానపల్లి పేరుతో ప్రసిద్ధమైన అన్నవేమారెడ్డి తామ్రశాసనాన్ని సైతం పరిష్కరించి ఆంగ్లంలో ప్రకటించినది జర్మన్ పండితుడు హుల్ట్ష్. శకవర్షం 1300 నాటి ఆ రేకుల సంగతి, వాటితో పేరు ముడిపడిన ఊరివారికి ఏ మేరకు తెలిసి ఉంటుందో ఊహించుకోవచ్చు!

ఈ లోటును పూరించడానికి వ్యక్తులు చాలరు, వ్యవస్థ కావాలి. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు పంతులు పూనుకోవడంలోని విశేషమిదే. పిఠాపురం మహారాజు వంటి సంస్థానాధీశుల ఆదరణ, పండితుల సభ్యత్వం, సొంత పత్రిక దానికి అండ. ఇండ్ల అటకల మీద చెదలపాలవుతున్న తాళపత్ర ప్రతులను సేకరించి, పరిష్కరించి, ముద్రించడం పరిషత్తు చేపట్టిన ప్రధాన కార్యం. అనంతరం పరిషత్తు కాకినాడకు తరలివచ్చింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా ఈ పరిషత్తు చలవే. దాని తొలి సంపుటం 1936లో వెలువడింది.

పంతులు కేవలం నిర్వాహకులు కారు, స్వయంగా శాసనాలు చదివిన పరిశోధకులు. బెజవాడలోని యుద్ధమల్లుని స్తంభశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 15వ సంపుటంలో ప్రకటించారు. నన్నయకు పూర్వమే మధ్యాక్కరలు రాతిపై వెలసి ఉన్నాయని లోకానికి చాటిన శాసనమది. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) పైనా వారు కృషి చేశారు. గోళకీ మఠం ఆశ్రయంలో విద్యాశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచిన వైనం అందులో కనిపిస్తుంది. ఆ శాసన పాఠాన్ని రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రిక అచ్చువేసింది. 1922లో ఏర్పడిన ఆ మండలి, గోదావరి సీమలో ఇటువంటి మరో సంఘం. శాసనాలలోని పద్యాలను ఏర్చి కూర్చిన శాసన పద్యమంజరి సాహిత్య విద్యార్థులకు పంతులు అందించిన కానుక.

భాషావాదంలో వారు గ్రాంథిక పక్షపు సేనాని. గిడుగు రామమూర్తి పంతులుతో సాగిన ఆ పోరులో కాలం గిడుగు పక్షాన నిలిచింది. విచిత్రమేమంటే గిడుగు కూడా శాసన పరిశోధకులే. ప్రాచీన శాసనాలలోని వాడుక రూపాలు వ్యావహారిక వాదులకు సాక్ష్యాలయ్యాయి. రాళ్ల మీది అక్షరం ఎవరి పక్షమూ వహించదు మరి.

1941లో పంతులు దివంగతులయ్యారు. ఎన్. లక్ష్మీనారాయణరావుతో కలిసి వారు పరిష్కరించిన దక్షిణ భారత శాసనాల 10వ సంపుటం, పూర్తిగా తెలుగు శాసనాలది, 1948లో గానీ వెలుగు చూడలేదు. పరిషత్తు సేకరించిన తాళపత్రాలు తదుపరి కాలంలో రాష్ట్ర పురావస్తు శాఖ ఆధీనంలోకి వెళ్లి, కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్ ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి మీదుగా వెళితే ఆ మ్యూజియం ఒక్క పూట ప్రయాణం.