23 ఏళ్లకే ప్రధాని.. 25కే రాజీనామా.. ఆ తర్వాత జీవితమంతా వస్తువుల వేటే!

హైదరాబాద్: ఆబిడ్స్‌కి ఆ పేరు ఓ షాపు వల్లే వచ్చింది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ విదేశీ సరుకు దుకాణం నడిపాడు. నవాబులకి ఫారిన్ వస్తువులంటే మోజున్న రోజులవి. ఆ మోజుకే జీవితాన్ని రాసిచ్చేసింది మాత్రం మూడో సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్.

1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరగకుండానే తండ్రి పోయారు. 1912లో ఏడో నిజాం ఆయన్ని ప్రధానిని చేశారు. తాత, తండ్రి కూర్చున్న కుర్చీ అది. 1914 నవంబర్‌లో వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. జాగీర్ల మీద వచ్చిన డబ్బంతా కత్తులు, గడియారాలు, పింగాణీ, దంతపు బొమ్మలు, రాతప్రతులకే పోసేవారు. 35 ఏళ్లు ఇదే పని!

పెద్ద వస్తువుల సంగతి అందరికీ తెలిసిందే. కానీ అరచేతిలో పట్టేవి చూడాలి. ముక్కుపొడుం డబ్బాలే తీసుకోండి. ఒకప్పుడు యూరప్‌లో ఇవి స్టేటస్ సింబల్. రోమ్ కళాకారులు రంగు గాజుని కరిగించి, దారంలా సాగదీసి, సన్నటి ముక్కలుగా కోసి బొమ్మలు అతికేవారు. చదరపు అంగుళంలో వెయ్యికి పైగా ముక్కలు! వాటిని బంగారు డబ్బాల మూతలకి బిగించేవారు. చూస్తే పెయింటింగే అనుకుంటాం. ఆయన తాత మొదటి సాలార్‌జంగ్ 1876లో మేలిముసుగు రెబెకా విగ్రహం కొన్నది కూడా ఆ రోమ్‌లోనే. చైనావాళ్లు మాత్రం డబ్బాలు కాదు, బుల్లి సీసాలు వాడారు. మన మ్యూజియంలో కనిపించే నశ్యం సీసాలు అవే.

1949 మార్చి 2న ఆయన చనిపోయారు. అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది. పిల్లల్లేరు. దివాన్ దేవిడీ నిండా వేల వస్తువులు. బంధువులు పంచుకుంటే తలో దిక్కూ పోయేవే. కమిటీ వేసి ఎస్టేట్‌ని కాపాడారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ఆ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభించారు. 1958లో వారసులు రాజీ ఒప్పందానికి వచ్చి సంపదని ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో అంతా మూసీ ఒడ్డున కొత్త బిల్డింగ్‌కి చేరింది. ఇంత పేరున్న మనిషి ఇల్లు దివాన్ దేవిడీ మాత్రం ఇవాళ గేట్లు తప్ప పెద్దగా మిగల్లేదు.

నాంపల్లి స్టేషన్‌లో దిగితే ఆటోలో దగ్గరే. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.