మగ్గాల కొట్టం నుంచి మారుతి కారు దాకా



పోయిన నెల మా ఎనిమిదో తరగతి స్పోకెన్ ఇంగ్లీష్ పీరియడ్‌లో, అమ్మానాన్నలు చేసే పని గురించి ఒక్కొక్కరు రెండు నిమిషాలు మాట్లాడాలని పిల్లలకు చెప్పాను. ఒక బాబు లేచి, వాళ్ల నాన్న బిజినెస్ చేస్తారని ఒక్క మాట చెప్పి కూర్చున్నాడు. ఏం బిజినెస్ అని అడిగితే తల దించుకున్నాడు. బెల్ కొట్టాక నా దగ్గరికి వచ్చి, నాన్న సిరిసిల్లలో సాంచాలు నడుపుతారని మెల్లగా చెప్పాడు. మరుసటి రోజు ఆ తరగతికి నేను ఒక మనిషి కథ చెప్పాను. అదే కథ ఈ నెల మీకూ చెబుతున్నాను.

ఆయన ఇంటిపేరు మీకు తెలిసిందే. జగిత్యాల కొత్త బస్టాండ్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే పది బండ్ల మీద కనిపిస్తుంది. సుజుకీ. పూర్తి పేరు మిచియో సుజుకీ.

ఆయన 1887లో జపాన్‌లోని హమామత్సు ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. 14 ఏళ్లకే ఒక వడ్రంగి దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. ఏడేళ్ల ఒప్పందం అది. ఇంతలో 1904లో రష్యాతో జపాన్‌కు యుద్ధం వచ్చింది. ఇళ్లు కట్టేవాళ్లు తగ్గిపోయారు. వడ్రంగి మేస్త్రీ చేతులు ముడుచుకుని కూర్చోకుండా చెక్క మగ్గాలు చేయడం మొదలుపెట్టారు. శిష్యుడు ఆ విద్య కూడా పట్టుకున్నాడు.

ఒప్పందం ముగిశాక మిచియో ఇంటికి వచ్చి, పట్టుపురుగులు పెంచే కొట్టాన్ని సర్దుకుని సొంతంగా మగ్గాల పని పెట్టుకున్నారు. అది 1909. ఆయనకు 22 ఏళ్లు. మొదట చేసిన మగ్గాన్ని వాళ్ల అమ్మకిచ్చారు. కాళ్లతో తొక్కి నేసే మగ్గం కాబట్టి పాతదాని కంటే చాలా వేగంగా నేత సాగింది. అది చూసిన ఇరుగుపొరుగు తమకూ కావాలన్నారు.

సిరిసిల్ల, కోరుట్లల్లో నేత ఇళ్ల వాళ్లకు తర్వాతి సంగతి సులభంగా అర్థమవుతుంది. గళ్ల బట్ట, చారల బట్ట నేయాలంటే పేకలో రంగు మారుతూ ఉండాలి. రంగు మారిన ప్రతిసారీ నేతగాడు మగ్గం ఆపి, నాడె మార్చాలి. మిచియో నాడెలుండే పెట్టె పైకీ కిందికీ కదిలేలా ఒక ఏర్పాటు చేసి మగ్గానికి బిగించారు. దాంతో రంగు మార్చడం తేలికైంది. ఇలాంటి ఆలోచనలతో ఆయన జీవితకాలంలో 120కి పైగా పేటెంట్లు, డిజైన్ హక్కులు సంపాదించారు. 1920లో ఆ కొట్టం ఒక కంపెనీ అయింది. ఆగ్నేయాసియాలో లుంగీల వంటి సారాంగ్ బట్టలు నేయడానికి ఆయన మగ్గాలు ఓడలెక్కి వెళ్లాయి.

ఇక్కడే ఆయనకు ఒక దిగులు పట్టుకుంది. మంచి మగ్గం ఏళ్ల తరబడి చెడిపోదు. అంటే ఎంత బాగా చేస్తే, మళ్లీ కొనేవాళ్లు అంత తగ్గుతారు. మరో వస్తువు వెతుక్కోవాలి. 1937లో 50 ఏళ్ల వయసులో ఆయన చూపు చిన్న కారు మీద పడింది. ఇంగ్లండ్‌లో తయారైన ఆస్టిన్ సెవెన్ కారు ఒకటి కొని, విప్పి చూసి నేర్చుకున్నారు. రెండేళ్లలో నమూనా కార్లు సిద్ధమయ్యాయి. అప్పుడే యుద్ధం వచ్చిపడింది. మామూలు జనం తిరిగే కార్లు ఇప్పుడు అవసరం లేదని ప్రభుత్వం తేల్చడంతో ఆ పని ఆగిపోయింది.

యుద్ధం అయ్యాక మళ్లీ మగ్గాలే చేశారు. 1951లో నూలు మార్కెట్ కుప్పకూలింది. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిన నెలలు ఎలా గడుస్తాయో సిరిసిల్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మగ్గాలు కొనేవాళ్లే లేరు. మిచియోకు అప్పటికి 60 దాటాయి.

ఆయనకు ఇల్లరికపు అల్లుడు ఒకరున్నారు, పేరు షుంజో. చేపలు పట్టడానికి సైకిల్ మీద ఎదురుగాలిలో తొక్కలేక అవస్థ పడి, దీనికి ఒక ఇంజన్ ఉంటే బాగుండును అనుకున్నారట. అలా 1952లో 36 సీసీ ఇంజన్ ఉన్న సైకిల్ వచ్చింది. ఆ అమ్మకాలే కంపెనీకి ఊపిరి పోశాయి. 1954లో కంపెనీ పేరులో మగ్గం మాట పోయి మోటార్ మాట వచ్చింది.

1955లో, మొదటి ప్రయత్నం ఆగిన 16 ఏళ్ల తర్వాత, సుజుకీ కారు మార్కెట్లోకి వచ్చింది. పేరు సుజులైట్. ఇంజన్ 360 సీసీ. ఈరోజు మన బుల్లెట్ బండి ఇంజన్ దాదాపు అంతే ఉంటుంది. పెద్ద కారు కొనలేని ఇంటికి చిన్న కారు, తక్కువ ఖర్చు అన్నదే దాని వెనకున్న ఆలోచన. 1957లో, 70 ఏళ్ల వయసులో మిచియో బాధ్యతలను అల్లుడికి అప్పగించి తప్పుకున్నారు.

ఆ ఆలోచన మాత్రం ఆగలేదు. 1979లో జపాన్‌లో ఆల్టో వచ్చింది. 1982 అక్టోబర్ 2న సుజుకీ కంపెనీ మన దేశపు మారుతి ఉద్యోగ్‌తో ఒప్పందం చేసుకుంది. అదే నెల 27న, 95 ఏళ్ల వయసులో మిచియో కన్నుమూశారు. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ ఒక కొనుగోలుదారుడి చేతిలో పెట్టారు. 796 సీసీ, మూడు సిలిండర్ల బండి. 2014లో తయారీ ఆగే దాకా పాతిక లక్షలకు పైగా తయారయ్యాయి. దుబాయి డబ్బుతో ఇంటి ముందుకొచ్చిన మొదటి కారు, డ్రైవింగ్ స్కూల్లో క్లచ్ నేర్పిన కారు మీలో చాలామందికి అదే అయి ఉంటుంది. మగ్గాలు చేసిన ఆ పెద్దాయన దాన్ని చూడలేదు.

మీ పిల్లలు మీరు పడ్డ కష్టం పడకూడదనే మీరు ఫీజులు కడుతున్నారు. అది నాకు తెలుసు. సాంచాల మీదే ఉండిపొమ్మని, చదువు తగ్గించమని నేను అనడం లేదు. మిచియో కూడా మగ్గం దగ్గరే ఆగిపోలేదు కదా. కానీ ఆ పని వద్దనుకోవడం వేరు, ఆ పని చేసే నాన్న గురించి చెప్పుకోలేకపోవడం వేరు. వడ్రంగం నేర్చిన చెయ్యి మగ్గం చేసింది, మగ్గం చేసిన బుర్ర కారు దాకా వెళ్లింది. ఒకటి తెలిసినవాడికే రెండోది అందింది.

అందుకే ఒక చిన్న మనవి. ఈ ఆదివారం ఒక గంట పిల్లల్ని మీ పని దగ్గరికి తీసుకెళ్లండి. దుకాణమైనా, పొలమైనా, సాంచాల షెడ్డయినా సరే. ఏది ఎందుకు తిరుగుతుందో, ఏది ఎక్కడ ఆగిపోతుందో మీరే చెప్పండి. వాళ్లను అడగనివ్వండి.

ఆ బాబు తర్వాతి వారం తనంతట తానే లేచి, సాంచె ఎలా నడుస్తుందో బోర్డు మీద బొమ్మ వేసి తరగతికి చెప్పాడు. పడుగుకు, పేకకు ఇంగ్లీష్ మాటలు నాకే తెలియక డిక్షనరీ తీయాల్సి వచ్చింది.

మీ ఇంగ్లీష్ టీచర్