బిడ్డల తల్లి, బడి తల్లి
దైవసేవకురాలు తాటిపత్రి జ్ఞానమ్మ గారు

వెలుగోడు, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో ఏ క్రైస్తవ కుటుంబాన్ని పలకరించినా ఒకే దిగులు వినిపిస్తుంది. మొదటి దివ్యసత్ప్రసాదం నాడు ముందువరుసలో నిలిచిన బిడ్డ పదవ తరగతికి వచ్చేసరికి గుడి గడప తొక్కడం మానేస్తున్నాడు. తప్పెవరిదని వెతికే ముందు మన తెలుగు తల్లి ఒకరి జీవితాన్ని తెలుసుకుందాం.

తాటిపత్రి జ్ఞానమ్మ గారు 1822లో గుంటూరు ప్రాంతంలోని ఫిరంగిపురంలో, గాలి వారి ఇంట జన్మించారు. 1837లో తాటిపత్రి ఇన్నయ్య గారితో ఆమెకు వివాహం జరిగింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు. ఈనాడు మన బిడ్డలు హైస్కూలులో ఉండే వయసది! ఆ దంపతులు మద్రాసుకు చేరువలోని కీలచేరిలో కాపురమున్నారు. తెలుగు నేల నుండి వలస వెళ్ళిన కథోలిక కుటుంబాలు స్థిరపడిన గ్రామమది. వారికి ఐదుగురు కుమారులు కలిగారు.

ఆ రోజుల్లో ఆడపిల్లకు చదువెందుకు అనేవారే ఎక్కువ. అక్షరం రాని పిల్ల జపపుస్తకం చదవలేదు. రేపు తల్లి అయినప్పుడు తన బిడ్డలకు సువార్త చదివి వినిపించనూ లేదు. అలా ఒక తరం లోటు మరో తరానికి దిగుతుంది. జ్ఞానమ్మ గారు 1863లో కీలచేరిలో ఆడపిల్లల కోసం బడి తెరిచారు. అప్పటికామె వయసు నలభై ఒకటి. ఆమె మఠకన్య కాదు, ఐదుగురు బిడ్డలను కన్న ఒక గృహిణి మాత్రమే.

ఆ బడి నుండే ఒక సేవామార్గం పుట్టింది. 1874లో ఆమె పునీత అన్నమ్మ గారి పేరిట మఠకన్యల సభను స్థాపించారు. దేవమాతను కని పెంచిన తల్లి పేరు ఆ సభకు ఎంత చక్కగా కుదిరిందో గమనించండి! అదే ఏడాది డిసెంబరు 21న, క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు, జ్ఞానమ్మ గారు ప్రభువులో నిద్రించారు. ఆమె నాటిన మొక్క నేడు మద్రాసులోను, ఆమె పుట్టిన ఫిరంగిపురంలోను మఠకన్యల సభలుగా నిలిచి ఉంది. శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా గౌరవిస్తున్నది.

తల్లిదండ్రులారా! విశ్వాసం నేర్పే పనిని గురువులకు, ఉపదేశికి అప్పగించి మనం టీవీ ముందు కూర్చుంటే బిడ్డ ఎవరిని చూసి నేర్చుకోవాలి? గుడికి పొమ్మని గద్దించడం తేలిక. రాత్రి భోజనాలయ్యాక బిడ్డ పక్కన కూర్చుని జపమాల పట్టుకోవడమే కష్టం. అయినా బిడ్డ మనసులో నిలిచేది అదే.

యువతా నాయకులారా! వయసు పిల్లలకు ఉపన్యాసాలు చాలు. ఇక పని ఇవ్వండి. పూజలో పఠనం చదవనివ్వండి, పాటల బృందంలో చేర్చండి, చిన్నపిల్లలకు సత్యోపదేశం చెప్పమనండి. తనకొక బాధ్యత ఉందని తెలిసిన బిడ్డ ఆదివారం కోసం తానే ఎదురు చూస్తాడు.

జ్ఞానమ్మ గారు తన ఊరి పిల్లలతోనే మొదలుపెట్టారు. మనం మన ఇంటి పిల్లలతో, ఈ రాత్రే మొదలుపెడదామా?