‘అసమర్థుని’ నీడలో మిగిలిపోయిన ‘వీలునామా’

త్రిపురనేని గోపీచంద్ పేరు వినగానే తెలుగు పాఠకునికి స్ఫురించే నవల ‘అసమర్థుని జీవయాత్ర’. అయితే ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిపెట్టినది ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’. ఒక తెలుగు నవలకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. అయినా చదివినవారి సంఖ్యలోనూ, చర్చలోనూ మొదటిదే ముందుంది.

గోపీచంద్ 1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించారు. తండ్రి కవిరాజు రామస్వామి చౌదరి ‘సూతపురాణం’, ‘శంబూకవధ’ వంటి రచనలతో పురాణాలను నిలదీసిన హేతువాది. ఆ ఇంట ప్రశ్నించడమే తొలి చదువు. గోపీచంద్ న్యాయశాస్త్రం చదివారు, కానీ నల్లకోటు కన్నా కలమే ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. జమీందారీ దౌర్జన్యాన్ని చూపిన ‘రైతుబిడ్డ’ (1939)కు మాటలు రాశారు. 1950లో ‘లక్ష్మమ్మ’ చిత్రానికి దర్శకత్వం వహించారు. ఎం.ఎన్.రాయ్ భావాల వైపు మొగ్గి, తర్వాత అరవిందుని తత్త్వం వైపు నడిచారు.

‘అసమర్థుని జీవయాత్ర’ను తనకు ప్రశ్నించడం నేర్పిన తండ్రికే ఆయన అంకితమిచ్చారు. వంశ ప్రతిష్ఠ కోసం ఆస్తి హరించుకుపోగా, ఆత్మన్యూనతతో తనను తానే తినివేసుకునే సీతారామారావు కథ అది. ఒకే మనిషి, ఒకే పతనం. పాఠకుడు పుస్తకం మూయలేడు. తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు దానినే తొలి ఉదాహరణగా చెబుతారు.

‘వీలునామా’కు ఆ బిగువు లేదు. రచయిత కేశవమూర్తి, పండితుని కుమార్తె సుజాతల కులాంతర వివాహం చుట్టూ కథ అనేక పాయలుగా సాగుతుంది. కొన్ని చోట్ల సంభాషణ వ్యాసమైపోతుంది. ‘తత్త్వవేత్తలు’ రాసిన చేయి కదా, ఆ అలవాటు నవలలోనూ కనిపిస్తుంది. పైగా హేతువాదం నుంచి ఆధ్యాత్మికతకు మరలిన రచయిత అన్న ముద్ర ఆ పుస్తకం మీద పడింది. పాత మిత్రులకు అది వెనుకడుగుగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు.

కానీ నిజంగా కష్టమైన ప్రశ్న ఈ రెండవ నవలదే. మనిషి ఎలా కూలిపోతాడో చూపడం ఒక పని. కూలిపోకుండా, తన విశ్వాసాలకు అడ్డుపడే మనుషుల మధ్యనే ఎలా బతకాలో వెదకడం అంతకన్నా దుర్ఘటం. సీతారామారావుకు ఎదురు నిలిచే గొంతులు క్రమంగా దూరమవుతాయి. ‘వీలునామా’లో ఆ సౌలభ్యం లేదు: సంప్రదాయాన్ని నమ్మిన పండితుడూ గౌరవనీయుడే, దానిని దాటిన యువకుడూ గౌరవనీయుడే. ఎవరినీ వెటకారానికి వదిలేయకుండా రాయడానికి గోపీచంద్‌కు ఒక జీవితకాలం పట్టింది. తండ్రి ఖండించిన లోకంలోని మనిషిని కుమారుడు సానుభూతితో చిత్రించడం తెలుగు నవలలో అరుదైన విషయం.

గోపీచంద్ 1962 నవంబరు 2న, యాభై రెండేళ్ల వయస్సులో కన్నుమూశారు. అకాడమీ పురస్కారం ఆ మరుసటి సంవత్సరం, 1963లో వచ్చింది.