గండి చూసొచ్చిన కుర్రాడు

తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం మా సోషల్ మాస్టారు పాఠం ఆపి తిరువారూరు ముత్తుస్వామి అయ్యర్ గారి గురించి చెప్పారు. వీధి దీపం కింద చదువుకున్న పేదపిల్లవాడిగా ఆయన పేరు మనలో చాలామంది విన్నదే. నాకు మాత్రం దీపం కన్నా గండి సంగతే గుర్తుండిపోయింది.

ఆయన 1832 జనవరి 28న తంజావూరు జిల్లాలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవక, గ్రామ కరణం దగ్గర నెలకు ఒక్క రూపాయి జీతానికి కుదిరారు. ఒకసారి కావేరి డెల్టాలో కట్ట తెగిందని కబురొచ్చింది. తాసిల్దారు కచేరీలో సమయానికి పెద్ద గుమాస్తా లేడు. ఈ కుర్రాణ్ణే పంపారు. అక్కడికి వెళ్లి, కళ్లారా చూసి, వివరాలన్నీ పట్టుకొచ్చాడు. వాకబు చేస్తే ప్రతి మాటా సరిపోయిందట. ఆ తాసిల్దారు ముత్తుస్వామి నాయకర్ గారే చేయూతనిచ్చి మద్రాసులో చదివించారు. 1854లో ఇంగ్లీషు వ్యాసానికి 500 రూపాయల బహుమతి వచ్చింది.

తర్వాత ప్లీడరు పరీక్ష, తరంగంబాడిలో జిల్లా మునసబు, తంజావూరులో డిప్యూటీ కలెక్టరు, దక్షిణ కన్నడలో సబ్ జడ్జి, మద్రాసులో పోలీసు మేజిస్ట్రేటు. ఉద్యోగం చేస్తూనే బి.ఎల్. పూర్తిచేశారు.

మేజిస్ట్రేటుగా ఉండగా ఒక కేసు వచ్చింది. తన ఆవరణలోకి వచ్చిన భారతీయుణ్ణి కొట్టాడని ఒక ఆంగ్లేయుడి మీద ఫిర్యాదు. ఆ ఆంగ్లేయుడు సాక్షాత్తూ హైకోర్టు జడ్జి. ఆయన్ను కోర్టుకు రప్పించనక్కర్లేదని పై అధికారి సూచించినా అయ్యర్ గారు వినలేదు. సమను పంపి పిలిపించి, 3 రూపాయల జరిమానా వేశారు. మొత్తం చిన్నదే, కానీ ఆ రోజుల్లో అది ఉద్యోగానికి ఎసరు తెచ్చే పని.

1878లో ఆయనే మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ న్యాయమూర్తి అయ్యారు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్లూ ఆ కోర్టుకే వెళ్లేవి. 1893లో కొంతకాలం తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా చేశారు. 1895 జనవరి 25న కన్నుమూశారు. హైకోర్టులో ఆయన విగ్రహం ఉంది.

నేను కాలవల మీద ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి గండి పడింది. జోరు వాన. లస్కరు చెప్పిన కొలత రాసుకుని, కదలకుండా ఇసుక బస్తాల లెక్క వేశాను. తెల్లారి వెళ్తే గండి నా లెక్కకు రెండింతలుంది. బస్తాలు చాలలేదు. నాట్లేసిన చేలు మునిగాయి. ఒక ముసలి రైతు గట్టు మీద కూర్చుని నన్నొక్క మాటా అనలేదు. మాస్టారి పాఠం అప్పుడు గుర్తొచ్చింది. అదే పాఠం అంతకుముందు రాత్రి గుర్తొచ్చి ఉంటే!

ఆ తర్వాత కళ్లతో చూడనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. మాస్టారు ఇప్పుడు లేరు. ఈ మాట ఆయనకు చెప్పుకోలేకపోయాను. అందుకే స్వర్ణోత్సవ సంచికలో మీ అందరికీ చెబుతున్నాను.